మార్కాపురం నీడ

ముప్పై ఏళ్లుగా మొహిద్దీన్ బాషా లారీ తోలుతున్నాడు. ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒకటే పని, మార్కాపురంలో ఇంటి ముందున్న వేపచెట్టు కింద నులకమంచం వాల్చుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం. ఈ ఎండాకాలంతో లారీ అమ్మేసి, మిగతా ఆయుష్షంతా ఆ చెట్టు కిందే గడిపేయాలని తీర్మానించుకున్నాడు. ఆఖరి కిరాయి జైసల్మేరుకి, పలకరాయి లోడు.

ఆఖరిదైతే తానూ వస్తానంది భార్య షమీమ్. ఆమె దగ్గర్లోని గిద్దలూరు దాటి ఎరగదు. అన్నేళ్లూ ఆ చెట్టు కిందే కూర్చుని బియ్యం ఏరింది, చింతపండు గింజలు తీసింది, మొగుడు గురకపెడితే పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఎండన్నాడు, దూరమన్నాడు బాషా. ఆమె అప్పటికే క్యాబిన్‌లో సర్దుకుని కూర్చుంది.

నల్లమల ఘాట్ ఎక్కుతుండగా క్యాబిన్ చల్లబడింది. కిందికి చూస్తే లారీ చుట్టూ వేపనీడ, మలుపు మలుపుకీ తమతోపాటే తిరుగుతోంది. అంతలో పక్కింటి ఎలీషబా ఫోన్ చేసింది.

"అన్నా, మీ చెట్టు నీడ ఆడికేమన్నా వచ్చిందా? మిరపకాయల తొడిమలు తీసేదానికి కూర్చుంటే నెత్తి మాడిపోతాంది."

"మాతోనే ఉందిలే చెల్లెమ్మా."

"అయితే సరే. యాడన్నా పడిపోయిందేమోనని."

నీడ లారీని పట్టుకుని వచ్చిందనుకున్నాడు బాషా. దారిలో జారిపోతే తన మంచం గతేమిటని గుబులు పట్టుకుంది. అద్దంలో వెనకబళ్ల కంటే నీడనే ఎక్కువసార్లు చూసుకున్నాడు. ఒక చెక్‌పోస్టు దగ్గర ఇన్‌స్పెక్టరు టేపు పెట్టి కొలిచి, నీడ బండి వెడల్పుకి ఆరడుగులు మించిందని జరిమానా రాయబోయాడు. షమీమ్ ఆయన్ని నీడలో కూర్చోబెట్టి అన్నం, ఊరగాయ పెట్టింది. ఆయన తిని, ఓ కునుకు తీసి, లేచాక పొమ్మన్నాడు.

జైసల్మేరులో లోడు దించాక షమీమ్ ఇసుకతిన్నెలు చూడాలంది. చెప్పులు చేతబట్టుకుని తిన్నె మీదికెక్కి కూర్చుంది. రెండు ఒంటెలు ఎవరినీ అడక్కుండా వచ్చి ఆమె పక్కన నీడలో చేరాయి. బాషా నీళ్ల కోసం లారీని కొంత ముందుకు తీసుకెళ్లాడు. క్యాబిన్ పెనంలా కాలింది. దిగి చూస్తే చుట్టూ ఎండ తప్ప ఇంకేమీ లేదు. నీడ వెనక తిన్నె మీదే, షమీమ్ చుట్టూ, కదలకుండా ఉంది.

నీడ చెట్టుది కాదు, లారీదీ కాదు. ఇన్నేళ్లూ తాను పడుకున్నది ఎవరి నీడలోనో అప్పుడు తెలిసొచ్చింది బాషాకి. సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇసుకలో పడుతూ లేస్తూ వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇంటికి పోదాం షమీమ్."

"నువ్వు పో. చెట్టుంది, మంచముంది. నేను కొండలు చూసినా, ఇసక చూసినా. ఇంక సముద్రం చూడాల. ఆన్నించి యాడికో తర్వాత చెప్తా."

బాషాకి మార్కాపురం మిట్టమధ్యాహ్నంలో తన నులకమంచం ఒంటరిగా కనిపించింది. లారీ ఇప్పట్లో అమ్మడం కుదరదని అర్థమైంది. ఒంటెలతన్ని పిలిచి, సముద్రానికి దారెటని తన దక్కనీ ఉర్దూలో అడిగాడు. అతను దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. ఎంత దూరమని మాత్రం బాషా అడగలేదు.