గడి లేని లక్షణం

పరుగు చప్పుడు. వార్డు నేల మీద రబ్బరు చెప్పుల కిచకిచ…

నర్సు సమీనా రెండో సొరుగు లాగింది. చేతి తొడుగులు.

గ్లూకోజు లేదు.

"మూడోదప్పా, మూడోది!" ఇన్‌చార్జి సత్యభామ అరిచింది. "రెండోది నీ పాత ఆస్పత్రిలో!"

నిజమే. పోయిన నెల పనిచేసిన చోట రెండోదే. మనిషి ఇక్కడికి వచ్చింది. చెయ్యి ఇంకా రాలేదు.

మూడో సొరుగు. సూది. అంజినమ్మ నరంలోకి గ్లూకోజు ఎక్కింది.

ఒక్కో చుక్కా…

అంజినమ్మ బెంగళూరు అంచున హెబ్బగోడిలో ఇటుకలు మోస్తుంది. డెంగ్యూతో చేరింది. షుగర్ ముందునుంచీ ఉంది. కళ్లు తెరిచింది.

"ఏం పాపా, అట్ల చూస్తాండావు? యాడికీ పోలే. ఈడే ఉండా."

షుగర్ పడిపోతే ఆమెకు చెమట పట్టదు. ఒళ్లు వణకదు. దుప్పటి అంచును మడతలు పెడుతుంది, చీర కుచ్చిళ్లు పోసుకుంటున్నట్టు. తర్వాత స్పృహ ఉండదు.

వారంగా పక్కనుంటే తెలిసింది.

ఆ వారం ఇవాళ్టితో సరి. రేపు ఊరికి అటు చివర పీణ్య దగ్గర ఇంకో ఆస్పత్రి— నర్సులను పంపే ఏజెన్సీ ఫోన్ చేసింది. ఇక్కడికి ఇంకొకమ్మాయి.

"నన్నే ఉంచుకోవచ్చు కదక్కా?"

సత్యభామ నవ్వింది. "జ్వరాల కాలం పోతే మంచాలు ఖాళీ. నిన్ను ఊరికే కూర్చోబెడతారా? పర్మనెంట్ చేస్తే కాన్పు సెలవంటావు. గల్ఫుకు పోయిన నర్సుల జాగానే నింపకుండా అట్లే ఉండాది. ఫోన్ కొడితే మీరొస్తారు గదప్పా, ఇంగెందుకు?"

"మరి ఆ మడతల సంగతి కొత్తమ్మాయికి…"

"రేపు నాకు రజా. నేను రాను."

డ్యూటీ అప్పగించే కాగితంలో చెమటకు గడి ఉంది. వణుకుకు గడి ఉంది.

మడతలకు లేదు.

అడుగున ఇరికించి రాసింది. చదువుతారా— చదవరా—

పొద్దున. పీణ్య. పేరు తెలియని ముఖాలు. నిన్నటి వార్డుకు ఫోన్ చేసింది. కొత్తమ్మాయి ఎత్తింది.

"ఇప్పుడే వచ్చినానక్కా. ఏ అంజినమ్మ?"

"కిటికీ పక్క మంచం. అడుగున రాసింది చదివావా?"

"యాడ చదివేది, ఊపిరాడ్డం లే. బాగానే ఉండాదక్కా ఆయమ్మ. చెమట లేదు, వణుకు లేదు."

"చేతులు? చేతులేం చేస్తున్నాయి?"

"చేతులా?… ఉండండి, చూసొస్తా."

ఫోన్ బల్ల మీద పెట్టిన శబ్దం. చెప్పుల చప్పుడు. దూరంగా… ఇంకా దూరంగా…

"సిస్టర్!" ఇక్కడ ఎవరో పిలిచారు.

సమీనా కదల్లేదు.

అక్కడ అడుగులు ఆగాయి—