కెతూరా అడిగిన బండి

ఆదివారం ప్రార్థనకు వచ్చే ముప్పై మందికి శనివారమే రొట్టెలు చేసిపెట్టాలి. ఎనిమిదో నెల కడుపు బల్లకు తగులుతుంటే కెతూరా పక్కకు తిరిగి నిలబడి పిండి పిసుకుతోంది. మిషిగన్ అడవిలో ఆ ఊరికి మొదట వచ్చింది ఆమె, భర్త ఆల్వా. ఏడేళ్లయింది. వాళ్ల దుంగల ఇల్లే ఊరికి చర్చి, కొత్తవాళ్లకు సత్రం, తగవులకు పంచాయితీ. "మా తలుపుకి గడియే లేదు" అని ఆల్వా గొప్పగా చెబుతాడు. వచ్చినవాళ్ల ఎంగిలి పళ్లేలు ఎవరు కడుగుతారో ఎప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ల కిందటి కాన్పులో ఆమెకు రక్తం ఆగలేదు. గడ్డి పరుపు తడిసి నేల మీదికి కారింది. ఊరి మంత్రసాని పెటిట్ ముసలమ్మ పొత్తికడుపు అదిమిపట్టి, "కళ్లు మూయకే, నన్ను చూడు" అంటూ గంటల తరబడి కూర్చుంది. బిడ్డ దక్కలేదు, తను దక్కింది. మొన్న చలికాలంలో ముసలమ్మ పోయింది. అప్పటినుంచి ఎవరికి నొప్పులొచ్చినా కెతూరానే పిలుస్తున్నారు. మార్చిలో పొరుగింటి హుల్డా కూతురు హారియట్ కాన్పులో ఈ చేతుల్లోనే చల్లబడిపోయింది. రేపు తనకు నొప్పులొస్తే పట్టుకునే చేతులేవి?

"ఏమయ్యా, నన్ను మా చెల్లెలి ఊళ్లో దింపు. అక్కడ మంత్రసాని ఉంది" అని పిండి పిసుకుతూనే ఆల్వాను అడిగింది.

"నలభై మైళ్లా! పై నెల బోధకుడుగారు వస్తున్నారు, నాలుగు రోజుల ప్రార్థన కూటాలు. నువ్వెళ్తే వండేదెవరు? లోకంలో ఆడవాళ్లు కనడం లేదూ? అంత భయమేంటి, దేవుడి మీద నమ్మకం లేదా?"

భయపడడం పాపమేమో అనుకుని ఆమె మళ్లీ పిండి మీదికి వంగింది. కానీ పెద్ద చెట్టు కొట్టాలంటే ఈ మనిషి ఇద్దర్ని తోడు తీసుకెళ్తాడు. అప్పుడు నమ్మకం ఎక్కడికి పోతుంది?

ఆదివారం ప్రార్థన అయ్యాక, "కూటాలు మా ఇంట్లోనే!" అని ఆల్వా ప్రకటించాడు. అందరూ సంతోషంగా తలలూపారు. టీ కుండ పట్టుకుని నిలబడ్డ కెతూరా రెండడుగులు ముందుకు వచ్చింది. ఆ సభలో ఆడది నోరెత్తే ఆచారం లేదు.

"అప్పుడు ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది. "నాకు చచ్చిపోతానేమోనని భయంగా ఉంది. మా చెల్లెలి దగ్గరికి చేర్చే బండి ఎవరిదైనా ఉందా?"

ఆల్వా మొహం ఎర్రబడింది. "దానికి ఒంట్లో బాగోలేదులెండి" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

వెనక బల్ల మీంచి హుల్డా లేచింది. హారియట్ చావు సంగతి ఎత్తి నిందిస్తుందని కెతూరా అనుకుంది.

హుల్డా వచ్చి ఆమె చేతిలోంచి కుండ తీసుకుంది. "మా బండి ఉందమ్మా. ఎడ్లని నేనే తోలతా. నా పిల్ల కూడా భయమేస్తోందనే అంది, నేనే వినలేదు. పద."

ఆల్వా దారికి అడ్డంగా నిలబడ్డాడు. కెతూరాకు భయం ఇంకా పోలేదు. ఆ భయంతోనే అతన్ని దాటుకుని వెళ్లి బండెక్కింది.