దెబ్బల రిజిస్టర్

ఎడమ చేత్తో చపాతీలు ఒత్తడం నేర్చుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మా అత్తగారు పుష్పమ్మ టేబుల్ దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "జెర గుండ్రంగ చెయ్యి వసుధా, వంకరగుంటే వాడు తినడు" అంది. నా కుడి చేతికి సిమెంట్ కట్టు ఉంది. సోమవారం సాయంత్రం ఆమె కొడుకు ఏ కర్రతో నా మణికట్టు విరిచాడో, గురువారం పొద్దున అదే కర్రతో అతని టిఫిన్ బాక్సులోకి చపాతీలు ఒత్తుతున్నాను. కర్రను కూడా నేనే కడిగాను.

నేను సికింద్రాబాద్‌లో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ని. ఆరేళ్ళ కిందట ఆ కాలేజీలో గుట్టల క్లబ్ మొదలుపెట్టాను. నెలకు రెండు ఆదివారాలు ముప్పైమంది అమ్మాయిలను ఊరి చివరి బండల మీదికి తీసుకెళ్తాను. నడుముకు తాడు కట్టుకుని ఎక్కుతారు, దిగుతారు. ఏటా ఒక ఫైనలియర్ అమ్మాయి లీడర్. క్లబ్‌కు రెండే నియమాలు. మొదటిది, నీ తాడు ముడి నువ్వు చూసుకుంటే చాలదు, పక్కమనిషి చేత్తో లాగి చూడాలి. ఆమె "చూసిన" అన్నాకే కాలు పైకెత్తాలి. రెండోది, ముల్లు గుచ్చుకున్నా సరే దెబ్బల రిజిస్టర్లో రాయాలి. తేదీ, స్థలం, కారణం, చికిత్స, చివర లీడర్ సంతకం.

ఆ రెండో నియమాన్ని నేనే చెడగొట్టాను. రెండేళ్ళ కిందట, ఆడబిడ్డ ముందు తన మాటకు అడ్డం చెప్పానని నా భర్త పురుషోత్తం నన్ను చెప్పుతో కొట్టాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది. అత్తగారు ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి ఇస్తూ, "గుట్టలెక్కుతవ్ గద, గాడ పడ్డనని చెప్పు" అంది. అది దయే అనుకున్నాను. స్టాఫ్‌రూంలో అదే చెప్పాను. మరి రిజిస్టర్లో రాశారా అని అడిగారు ప్రిన్సిపాల్ కామాక్షి మేడమ్. రాశాను. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే రాయడం అలవాటైపోయింది. తలుపు సందులో పెట్టి నొక్కిన వేళ్ళు, గ్యాస్ సిలిండర్ మీదికి తోస్తే పగిలిన పెదవి, జుట్టు పట్టి ఈడ్చినప్పుడు మెట్లకు కొట్టుకున్న మోకాళ్ళు. అన్నిటికీ స్థలం గుట్ట, కారణం కాలు జారింది. పురుషోత్తానికి ఇదెంత వీలుగా ఉందంటే, పెళ్ళిళ్ళలో చుట్టాల ముందు నా భుజం తట్టి, మా ఆమె గుట్టలెక్కుట్ల ఛాంపియన్, ఒళ్ళంత దెబ్బలే అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన వారం మేనేజ్‌మెంట్ వాళ్ళు రిజిస్టర్ తిరగేశారు. ఈ ఒక్క ఏడాదిలోనే పన్నెండు దెబ్బలు, అందులో పది నావి. నేర్పే మనిషే ఇన్నిసార్లు పడితే ఆడపిల్లల గతేమిటి, క్లబ్ మూసేద్దాం అన్నారు. అక్కడితో ఆగితే నేను నోరు మూసుకునేదాన్నేమో. ప్రతి దెబ్బకూ ఎదురుగా లీడర్ సంతకం ఉంది కనక, తాళ్ళు సరిగ్గా చూడలేదని ఈ ఏటి లీడర్ హదస్సాను తీసేసి, ఆమె కాండక్ట్ సర్టిఫికెట్లో నిర్లక్ష్యం అని రాస్తామన్నారు. గురువారం మధ్యాహ్నం మీటింగ్.

హదస్సా లాలాగూడ క్వార్టర్స్ పిల్ల. తండ్రి రైల్వేలో ఫిట్టర్. బండ మధ్యలో బిగుసుకుపోయిన అమ్మాయిని కింద నిలబడి పేరు పెట్టి పిలుస్తూ, ఒక్కో అడుగూ చెబుతూ పైకి చేరుస్తుంది. నాకు ఆరేళ్ళలో అంత మంచి లీడర్ దొరకలేదు. శనివారం తాళ్ళ గదిలో రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మేడమ్, జూలై పదమూడున మనం గుట్టకు పోనే లేదు. వాన పడ్డదని బస్సు కాన్సిల్ చేసినం."

నేను చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుట్టాను.

"మీరు రాసిన్రు, నేను సంతకం పెట్టిన. మీ ముడి నేను చూడాలె గద మేడమ్. చూడలే."

తన సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. తప్పంతా తనదే అన్నట్టు నిలబడింది. ఇరవై ఏళ్ళ పిల్ల. నాకు సిగ్గేసింది.

సోమవారం సాయంత్రం చపాతీలు ఒత్తుతూ పురుషోత్తానికి చెప్పాను, మీటింగ్‌లో ఉన్నదున్నట్టు రాస్తానని. అతను అరవలేదు. వెళ్ళి టీవీ సౌండు పెంచి వచ్చాడు. నా చేతిలోంచి కర్ర తీసుకుని, "ఏ చేత్తో రాస్తవే?" అని అడిగాడు. కుడి చెయ్యి గ్రానైట్ గట్టుకు అదిమిపట్టి మూడుసార్లు కొట్టాడు. రెండో దెబ్బకే ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అతనూ విన్నాడు. అయినా మూడోది కొట్టాడు. పక్కన పొయ్యి మీద పెనం కాలుతోంది. నా ఎడమ చెయ్యి దాని కాడ పట్టుకుంది. ఎత్తాను కూడా. అతని మొహం ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. తర్వాత దించేశాను. జాలితో దించలేదు. జైల్లో ఉంటే గురువారం మీటింగ్‌కు పోలేనని దించాను. ఆస్పత్రిలో ఎలా విరిగిందని అడిగితే, గుట్టలెక్కుతది డాక్టర్‌సాబ్, చెప్తే వినదు అని నాకన్నా ముందు అతనే చెప్పాడు.

మీటింగ్‌లో కమిటీ పెద్దలు ముగ్గురు, కామాక్షి మేడమ్, గోడవారగా నిలబడి హదస్సా. మేడమ్ నా కట్టు చూసి తల పట్టుకున్నారు. మళ్ళీ పడ్డారా అన్నారు.

"రాయడానికే వచ్చాను మేడమ్" అని రిజిస్టర్ ముందుకు లాక్కున్నాను.

ఎడమ చేత్తో పెన్ను పట్టుకున్నాను. గుట్ట కొట్టేసి వంటిల్లు అని రాశాను. కాలు జారింది కొట్టేసి పురుషోత్తం అని రాశాను. కింది వరసలో మెట్లు, పురుషోత్తం. ఆ కిందది పడకగది, పురుషోత్తం. ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లా వంకర్లు పోతున్నాయి. ఒక్కో పేరుకు అర నిమిషం పట్టింది. నాలుగో పేరు దగ్గర ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, అది మీ ఇంటి సంగతి గదమ్మా, కాలేజీ పుస్తకంలో ఎందుకు అన్నారు.

"మీరు తీసేసేది ఈ అమ్మాయిని గదా సార్. అందుకు."

పది వరసలూ దిద్దాక కింద కొత్త వరస మొదలుపెట్టాను. సోమవారం తేదీ. వంటిల్లు. పురుషోత్తం, చపాతీ కర్రతో. పుస్తకాన్ని హదస్సా వైపు తిప్పాను. ఆమె దగ్గరికి వచ్చి, తాడు ముడి చూసినట్టే చూసింది, పైనుంచి ఒక్కో గడి మీదా వేలు పెట్టి, ఆగి, మళ్ళీ చూసి. చివరి వరసలో ఆ వేలు ఆగిపోయింది.

"చికిత్స రాయలే మేడమ్."

అన్ని వరసల్లోనూ అక్కడ ఐస్ అనే ఉంది. నేను రాశాను: పోలీస్ కంప్లైంట్. ఆ ఇంటికి తిరిగి పోను.

హదస్సా అది రెండుసార్లు చదివింది. పెన్ను తీసుకుని, "చూసిన మేడమ్" అని సంతకం పెట్టింది.