మిషను మీద చెయ్యి

కడపలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోగానే మధులత వచ్చి అలమరలోని చిన్న కంప్యూటరు మీద అరచేయి పెట్టి కూర్చుంటుంది. అరచేతిలో పట్టే పచ్చ బోర్డు అది. భర్త రాజశేఖర్ పెట్టిపోయాడు. లోకంలో ఇలాంటి మిషన్లు లక్షలు కలిసి బ్లాక్‌చెయిన్ అనే ఒకే లెక్కల పుస్తకానికి కాపలా కాస్తుంటాయి. ఆరేడు నిమిషాలకోసారి ప్రతిదీ "చూశాను, సరిగ్గానే ఉంది" అని సాక్ష్యం చెప్పాలి. వేడెక్కితే తడబడుతుంది. తప్పితే జరిమానా. ఇన్వర్టరు మిషను బరువు మోస్తుంది గానీ ఫ్యాను బరువు మోయదు.

రెండేళ్ల కింద ఒంటిమిట్ట రోడ్డులో రాజశేఖర్ బండిని లారీ గుద్దింది. ఆ రోజు నుంచి మధులత చేతులు కుండనీళ్లలా చల్లగా ఉంటున్నాయి. ఏడుపు రాలేదు, ఆకలి తెలియలేదు. పక్కింటి సుబ్బరత్నమ్మ రోజూ మజ్జిగ చెంబు తెచ్చి, "రోంత చెయ్యి పెట్టమ్మా" అని, చల్లబడ్డాక తీసుకుపోయేది. ఫ్రిజ్జున్న ఇళ్లవాళ్లు కూడా వచ్చేవాళ్లు.

నందికొట్కూరు ఆసుపత్రిలో ఆమెకు నర్సు ఉద్యోగం ఇస్తూ ఉత్తరం వచ్చింది. శుక్రవారంలోగా చేరాలి. రాజశేఖర్ అన్న శివశంకర్ ఉత్తరం చదివాడు.

"నువ్వు పోతే దీని మీద చెయ్యి ఎవురు పెడతారమ్మా? తమ్ముని గుర్తు ఇదొకటే ఉండాది."

"సరే బావా."

పోవాలనీ లేదు, ఉండాలనీ లేదు. ఉత్తరం మడిచి మిషను కింద పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం, ఆమె చెయ్యి మీద ఉండగానే, మిషనుకు వంతు వచ్చింది. పుస్తకంలో కొత్త పేజీ రాసే వంతు. ఎప్పుడో గాని రాదు, రాజశేఖర్ పోయాక ఇదే మొదలు. పేజీలో యజమాని ముందే రాసిపెట్టుకున్న రెండు ముక్కలు కూడా పడతాయి. చాలామంది తమ పేరో దేవుడి పేరో పెట్టుకుంటారు. రాజశేఖర్ పెట్టింది పక్కనున్న పాత ఫోనులో కనబడింది.

"మధు తింటివా"

రోజూ ఈ వేళకు ఫోన్ చేసి అడిగే మాట. మధులత మూడుసార్లు చదివింది.

"లేదు" అంది, పైకే.

అరచేయి వెచ్చబడింది. తర్వాత ఏడుపొచ్చింది, దాని వెనకే ఆకలీ వచ్చింది. మిషను వేడెక్కి దీపం ఆరిపోవడం కూడా చూసుకోకుండా వంటింట్లోకి పోయి, పొద్దుటి సంగటి చెనిక్కాయల పచ్చడితో కంచం నిండా పెట్టుకుని తింది.

సాయంత్రం శివశంకర్ ఆరిన మిషనునూ, ఫోనులోని మాటనూ, కడగని కంచాన్నీ చూశాడు. అప్పుడే సుబ్బరత్నమ్మ చెంబు తెచ్చింది. మధులత చెయ్యి పెట్టింది. ఎంతసేపు చూసినా మజ్జిగ చల్లబడలేదు. సుబ్బరత్నమ్మ ఒక గుక్క తాగి, చెంబు చంకన పెట్టుకుంది.

"పోనీలేమ్మా, కుండలో పెట్టుకుంటా. నందికొట్కూరుకు ఎప్పుడు పోతాండావు?"

శివశంకర్ మిషను కింది నుంచి ఉత్తరం తీసి మధులతకు ఇచ్చాడు.

"పొద్దున ఆరింటికి బస్సుండాది" అన్నాడు. "నేనే ఎక్కించొస్తా."