వెంటిలేటరు మీద గోనెపట్టా

వాళ్లు నవ్వారు సరే, తనెందుకు నవ్వింది? నేలగది మెట్లు దిగుతూ వనజ మనసు మళ్లీ ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. రెండేళ్లుగా అక్కడే ఆగుతోంది. ఇల్లు పంచుకున్న రోజు, కింద గది ఎవరికని పెద్దమనిషి జానకిరామయ్య అడిగితే, మరిది కోటేశ్వర్ కాలు మీద కాలేసుకుని, "వదిన పుట్టగొడుగులకి గది ఎందుకయ్యా? పేడదిబ్బ చాలదూ?" అన్నాడు. వరండా అంతా ఘొల్లుమంది. భర్త పుల్లయ్య నేలచూపులు చూశాడు. అప్పుడు వనజ కూడా నవ్వింది. మర్యాదకో, ఏడుపు ఆపుకోవడానికో. గది మరిది వాటాకి పోయిన బాధ కొన్ని రోజులు మరుపునపడేది. ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం పళ్లు బిగుసుకునేవి.

నాపరాళ్లు తీసిన గుంటను పూడ్చకుండా దాని మీదే మామగారు ఇల్లు కట్టారు. రెంటచింతల ఎండ పైన ఎంత మండినా కింద చల్లగా ఉండేది. అందులో పాల పుట్టగొడుగులు పెంచొచ్చని కనిపెట్టింది వనజే. ఇప్పుడక్కడ కోటేశ్వర్ గడ్డి కూరిన సంచులతో రెండొందల బెడ్లు పెట్టాడు. చూపించడానికి ఇవాళే మొదటిసారి పిలిచాడు.

ఆఖరి మెట్టు మీద పీల్చిన మొదటి ఊపిరికే ఆమెకు సంగతి అర్థమైంది. ముఖం మీద తడిగుడ్డ కప్పినట్టుంది గాలి. వెంటిలేటర్లు రెండింటికీ తడి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. బెడ్ల మీద కాడలు జానెడేసి సాగి, కొసన చొక్కా బొత్తాల్లాంటి తలలతో నిలబడ్డాయి.

"తొంభై ఆరు వదినా!" అన్నాడు కోటేశ్వర్, గోడకున్న తేమ మీటరు మీద వేలితో కొట్టి.

"ఫ్యాను వెయ్యలేదే?" నోరు జారింది వనజ.

"వేస్తే వడగాలంతా లోపలికి లాగదూ? ఈ ఎండకి ఇంట్లో తలుపులు మూసుకోమా ఏంది? అమ్మ ఎట్టా చేసిద్దో అట్టానే చేశా."

ఊళ్లో ప్రతి ఇల్లూ మే నెలంతా అలాగే చేస్తుంది. మనుషులకు అది చాలు. కానీ మీటరు తేమ చెబుతుంది, గాలి చచ్చిపోయిందని చెప్పదు. బెడ్లు కూడా ఊపిరి విడుస్తాయి. అది పోయే దారి లేకపోతే కాడలు మంచి గాలి కోసం పైకి సాగుతూనే ఉంటాయి, తలలు విప్పుకోవు. మూడు పంటలు పాడుచేసుకుని వనజ నేర్చుకున్న సంగతి ఇది. పంపకాల్లో ఎవరూ అడగనిది ఇదొక్కటే.

"రేపు మాచర్ల నుంచి వంటల మౌలాలీ వస్తన్నాడు. నచ్చితే ఈ పెళ్లిళ్ల సీజనంతా మన సరుకే. కాడలు చూడు ఎంత పొడుగో! నువ్వు పెట్టినప్పుడు ఇంత రాలా."

మౌలాలీ రేపు ఈ కాడలు చూసి నవ్వుతాడు. పక్కన నిలబడి కోటేశ్వర్ కూడా నవ్వాల్సి వస్తుంది, మర్యాదకు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు.

"కానీ ఆ మూల నాలుగు బెడ్లే అట్టా విప్పారినయ్యి. ఎందుకంటావ్?"

వనజ వెళ్లి చూసింది. అక్కడ గోనెపట్టా అంచు జారి, అరచెయ్యి పట్టేంత సందు పడింది. బయటి గాలి మెడకు తగిలింది. కింద నాలుగు బెడ్లూ పళ్లాల్లాంటి తెల్లటి తలలతో, అచ్చం ఒకప్పటి తన బెడ్లలా ఉన్నాయి. ఒక్కసారి వాటిని నిమరాలనిపించింది. ఇప్పుడు పట్టాలు రెండూ తీయిస్తే, వెనక వస్తున్న మొగ్గలైనా దక్కుతాయి.

"చెప్పు వదినా, ఈ పని నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" కోటేశ్వర్ గొంతులో వెటకారం లేదు.

రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట. వరండాలో అంతమంది ముందు అనాల్సిన మాట. ఇక్కడ వినడానికి ఎవరూ లేరు.

"విత్తనం తేడా అయ్యుంటది," అంది.

"అంతేనంటావా?"

"అంతే."

అతను బకెట్ తీసుకుని నీళ్లకని మెట్లెక్కాడు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా వనజ కదల్లేదు. తర్వాత మునికాళ్ల మీద లేచి, జారిన పట్టా అంచు పైకి లాగి, వెలుతురు గీత పోయేదాకా బొటనవేలితో రాళ్ల సందులోకి కూరింది.