రెండు వరసల ఇటుకలు

“మా అక్క వచ్చేలోపు ఆ వంటిల్లు కాస్త మనిషి చూసేలా చెయ్యి. ఖర్చు మాత్రం పెట్టించకు. సున్నం నువ్వే వేసుకోవచ్చు, అదేమంత పని,” అన్నాడు శివరామకృష్ణ, షర్టు గుండీలు పెట్టుకుంటూ. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ‘అదేమంత పని’ అన్నది అతని ఊతపదం. తను చెయ్యని పనులన్నిటికీ అదే మాట.

వెంకటదుర్గకి కోపం రాలేదు. పైగా సంతోషమేసింది. పద్నాలుగేళ్లుగా ఆ గోడలకి పోపు పొగ తప్ప మరొకటి తగల్లేదు. అతను అటు సైకిలెక్కగానే ఇటు గిన్నెలూ డబ్బాలూ వసారాలోకి చేరవేసింది. వాషింగ్ సోడా కలిపిన వేణ్ణీళ్లతో, కొబ్బరిపీచుతో మసి రుద్దింది. సున్నం నానబెట్టి వడకట్టి, జిగురూ కాస్త పసుపురంగు పొడీ కలిపి రెండు పూతలు వేసింది. అరల్లో జిడ్డోడుతున్న పేపర్లు పీకేసి కొత్తవి పరిచింది. పాత నైలెక్స్ చీర చింపి కిటికీకి తెర కుట్టింది. రెండోరోజు సాయంత్రానికి గోడలు నానిన పెసరపప్పు రంగుకి వచ్చాయి. తడి సున్నం వాసన పీలుస్తూ గుమ్మంలో కూర్చుని ఎంతసేపు చూసుకుందో ఆమెకే తెలియదు.

గోడలు మారాయి కానీ గట్టు మారలేదు. ఆ వంటగట్టు ముందు నిలబడాలంటే దుర్గకి పీట కావాలి. ఉప్పుకి దిగాలి, పోపుకి ఎక్కాలి, పాలు పొంగితే మళ్లీ దిగాలి. పెళ్లయిన రెండో ఏడు అన్నం వారుస్తుంటే పీట పక్కకి ఒరిగి, గంజి మణికట్టు మీద పడింది. “గంజి పోతే పోయింది, అన్నం దక్కింది,” అని అత్తగారు సంపూర్ణమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆవిడ చెప్పే మాట ఒకటే: “పిల్ల మంచిదేనండి, కాకపోతే గట్టు అందదు.” ఆవిడ పోయి మూడేళ్లయింది, మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. గట్టు కాస్త దింపిద్దామండీ అని దుర్గ నాలుగైదుసార్లు అడిగింది. “గట్టు పొడుగు కాదే, నువ్వు పొట్టి,” అని నవ్వేవాడు శివరామకృష్ణ. నలుగురిలో అయితే ఇంకాస్త గట్టిగా నవ్వేవాడు. దుర్గ కూడా నవ్వేది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు కదా. పేరంటాలకి వెళ్లేటప్పుడు కొప్పు కాస్త ఎత్తుగా పెట్టుకునేది.

ఆత్రేయపురంలో పుట్టిన పిల్ల ఆమె. అమ్మ పక్కన కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిజావలో ముంచిన గుడ్డ లాగి, ఊపిరికి ఎగిరేంత పల్చటి రేకులు తీసేది. అక్కడ కుండా, పొయ్యీ, గుడ్డా అన్నీ చేతికి అందేంత దూరంలోనే ఉండేవి. పొట్టా పొడుగా అని ఎవరూ చూసేవాళ్లు కాదు, రేకు చిరిగిందా లేదా అని చూసేవాళ్లు. దుర్గ బెంగపడేది ఆ ఇంటి కోసం కాదు. రెండు పాదాలూ నేలకి ఆన్చి, భుజాలు ఎగదీయకుండా, తీరిగ్గా ఒక ఉల్లిపాయ తరుక్కోవాలని ఉండేది. ఇదీ ఒక కోరికేనా అని ఎవరైనా నవ్వుతారని పైకి అనేది కాదు. మనసులో మాత్రం రోజూ అనుకునేది, రోజూ పీట ఎక్కేది.

మూడోరోజు, పెచ్చులూడిన గట్టు అంచుకి కాస్త సిమెంటు పెట్టమని తాపీమేస్త్రి చిట్టియ్యని పిలిపించింది. ముసలివాడైపోయాడు కానీ తాపీ ఇంకా వదల్లేదు. బండ మీద చెయ్యి వేసి నిమిరాడు.

“ఇది నా చేతి పనేనమ్మా. ఈ ఇల్లు కట్టింది నేనేనండి.”

అతనికి టీ పెడదామని దుర్గ పీట ఎక్కింది. చిట్టియ్య చూశాడు.

“అదేంటమ్మా, పీటెక్కుతున్నారు?”

“నేను పొట్టి కదా,” అంది దుర్గ, అందరితో నవ్వినట్టే నవ్వుతూ.

అతను నవ్వలేదు. “మీరు పొట్టేంటమ్మా? మా ఆవిడ పాపాయి మీ భుజం దాకా ఉంటదండి. దానికి పీటెందుకు, మా ఇంట్లో దాని కొలతకే కట్టాను గట్టు.” తప్పు తనదే అన్నట్టు గొంతు తగ్గించాడు. “అప్పుడే అడిగానండి, ఎవరి ఎత్తుకి కట్టమంటారని. ఆడోళ్లు ఒకరు నిలబడితే మోచేతి కిందకి కొలుచుకుంటాం కదండీ. మీ అత్తగారేమో పెరట్లో కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే వండుకునేవారు. బాబుగారికి అప్పటికింకా పెళ్లి కుదరలేదు. ఆయన్నే నిలబెట్టారండి. వాడి ఎత్తుకి కట్టెయ్యి, దానికి తగ్గ పిల్లనే తెచ్చుకుంటాం అన్నారు.”

దుర్గ స్టవ్ ఆపేసి కిందకి దిగింది. ఆ గట్టు తన కోసం కట్టింది కాదు. ఇంకెవరో పొడుగాటి పిల్ల వస్తుందని కట్టారు. ఆ పిల్ల రాలేదు, దుర్గ వచ్చింది. రాని మనిషి కొలతకి అందలేదని పద్నాలుగేళ్లు సిగ్గుపడింది, ఒళ్లు కాల్చుకుంది, నవ్వమన్నప్పుడల్లా నవ్వింది. అత్తగారి మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పిల్ల వచ్చేదాకా ఆగుదాం, వచ్చాక అడిగి కట్టుకుందాం అని ఆ ఇంట్లో ఒక్కళ్లయినా అని ఉంటే ఎంత బాగుండేది.

“దించాలంటే ఎంత పని?”

“రెండు వరసల ఇటుకలు తీస్తే సరిపోద్దండి. బండ లేపడమే కష్టం. నేనూ మా ఆవిడా వస్తాం, మీరో చెయ్యి వెయ్యండి. బాబుగారిని ఒక మాట అడిగి చెప్పండమ్మా.”

“ముందు కొలవండి,” అంది దుర్గ. కొలత కోసం గబగబా పీట ఎక్కి నిటారుగా నిలబడింది.

“పీట దిగండమ్మా,” అన్నాడు చిట్టియ్య మెల్లగా.

దిగింది. నేల చల్లగా తగిలింది. మోచెయ్యి మడిచి చూపించమని, దానికి బెత్తెడు కిందగా గోడ మీద, కొత్త సున్నం మీదే, పెన్సిలుతో గీత గీశాడు. దుర్గ ఆ గీత మీద అరచెయ్యి ఆన్చి చూసుకుంది. భుజం లేవలేదు. ఆ రోజు ఎవరినీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం శివరామకృష్ణ భోజనానికి వచ్చేసరికి స్టవ్ వసారాలో ఉంది. కడప బండ గోడకి చేరగిలి ఉంది. చిట్టియ్య పెరట్లో సిమెంటు కలుపుతుంటే, పాపాయి ఇటుకలు అక్కడికి మోస్తోంది. దుర్గ కొంగు బిగించి, సుత్తీ ఉలీ పట్టుకుని, రెండో వరస సిమెంటు వదులు చేస్తోంది. ఒళ్లంతా దుమ్ము.

“సున్నం వేసుకోమన్నాను గానీ గట్టు పీకమన్నానా?”

“లేదండి. నేనే పీకుతున్నాను. పప్పూ అన్నం వసారాలో పెట్టాను, కాళ్లు కడుక్కోండి.”

అతను గోడ మీది గీత చూశాడు. దాని పక్కన నిలబడి, కూర కలుపుతున్నట్టు చెయ్యి తిప్పాడు. నడుం వంచాల్సి వచ్చింది.

“ఇంత కిందకా? రేపు నీకు ఒంట్లో బాగోకపోతే నేనెలా వండాలి? నడుం పడిపోదూ?”

దుర్గ సుత్తి పక్కన పెట్టింది. ఊడిన ఇటుకని రెండు చేతులతో పైకి తీసి పాపాయికి అందించింది.

“కొన్నాళ్లకి అలవాటైపోతుందండి,” అంది. “నాకూ అలాగే అయింది.”