విస్తట్లోకొచ్చిన ఖీమా సమోసా

రేపు పెళ్లనగా బసవన్న పొద్దున్నే ఆటో వేసుకుని డోన్‌లోని రబ్బానీ వంటశాల ముందు దిగాడు. చేతిలో ఫోను, కళ్లల్లో నిప్పులు.

“ఏమప్పా రబ్బానీ! లింగం కట్టుకున్నోళ్లమని తెలిసీ, మా పాప పెండ్లికి ఖీమా సమోసాలని మెసేజీ పెడతావా? మా పాత్రలు మాకిచ్చేయ్. వంట ఇంకొకరితో చేయించుకుంటాం.”

రబ్బానీ పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. మాంసం ముట్టని ఇంటివాళ్లు తమ పాత్రలు పంపి మరీ అతనితో వండించుకోవడం ఇదే మొదలు. ఇది బెడిసికొడితే ఇక ఆ వీధిలో ఎవరూ గడప తొక్కనివ్వరు.

తప్పు చెల్లెలు సబీనాది. ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ రాసింది ఆమే. పెళ్లి భోజనానికి ఒక క్లాసు, అంటే పదార్థాలన్నీ ఉండే మూస, రాసి, దాని కడుపున శాకాహార పెళ్లిని పుట్టించింది. తల్లి దగ్గరున్నవన్నీ పిల్లకు వాటంతటవే వస్తాయి కదా, బిర్యానీని మాత్రం రాకుండా ఆపింది. నిన్న అన్న అడిగాడని తల్లి క్లాసులో ఖీమా సమోసా చేర్చింది. ఇంకేముంది, అది తీపి ఓళిగల పక్కన చేరి బసవన్న ఫోనుకెళ్లింది!

“మామా, తప్పు నాది, అన్నది కాదు. టీ తాగేంత సేపు కూర్చోండి,” అంది సబీనా. సిగ్గుతో ఏడుపొస్తున్నా లాప్‌టాప్ తెరిచింది.

టీ మీద టీ అయింది. ఆలోగా ఆటో అతను బసవన్నవాళ్ల వంట గుండిగలు ఎక్కిస్తూనే ఉన్నాడు. సమోసాకూ ఒక అడ్డు రాస్తే ఇవాళ్టికి గండం గడుస్తుంది. రేపు అన్న కబాబులంటాడు, ఎన్నిటికని అడ్డం పడేది? ఈ పుట్టించే యవ్వారమే వద్దనుకుంది. పదార్థాలన్నీ దేనికది విడిగా పెట్టింది. ప్రతి ఆర్డరునూ ఖాళీ విస్తరిని చేసింది. ఎవరికి కావలసినవి వాళ్ల విస్తట్లో వేసుకోవడమే. ఏది పడొచ్చో, ఏది పడకూడదో చెప్పే నియమాన్ని ఆ విస్తరికే జతచేసింది.

“ఉగ్గాని బజ్జీ చేర్చు సూద్దాం,” అన్నాడు బసవన్న అనుమానంగా.

చేరింది. మిగతా ఆర్డర్లు చెక్కుచెదరలేదు.

“ఇప్పుడు ఆ ఖీమా సమోసా వేయి.”

“యా అల్లా!” అని రబ్బానీ కళ్లు మూసుకున్నాడు. సబీనా నొక్కింది. ‘ఈ విస్తట్లో మాంసం పడదు’ అని తెర మీద ఎర్రగా వచ్చింది.

బసవన్న తానే నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు. ససేమిరా అంది.

“ఓయబ్బ! మా అత్త కంటే మొండిగా ఉండాదే!” అని పకపకా నవ్వి, ఆటో వైపు తిరిగి కేకేశాడు. “గుండిగలు దింపప్పా! మా తమ్మునింట్లో గృహప్రవేశం గూడా ఉండాది, అవి ఇంక ఈడనే ఉండనీ.”